ఢిల్లీ గాలి ఫోన్‌లో, పేట గాలి ఊపిరిలో

నవంబరు వచ్చిందంటే మా పాలకొల్లు కుర్రాళ్ల ఫోన్లలోకి ఢిల్లీ పొగ వచ్చేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో బూడిదరంగు ఆకాశం, మసకలో ఇండియా గేట్, పక్కన ఎర్రటి అంకె. భీమవరం ఇంజనీరింగ్ కాలేజీ బస్సెక్కిన అబ్బాయి, తాడేపల్లిగూడెంలోని నన్నయ విశ్వవిద్యాలయం క్యాంపస్‌కి వెళ్లే అమ్మాయి ఆ రీల్ చూస్తారు, అయ్యో పాపం అనుకుంటారు, నలుగురికి పంపుతారు. అదే సమయంలో బస్సు కిటికీ బయట, కోత యంత్రం వెళ్లిపోయిన చేలో గడ్డికి నిప్పంటించి ఉంటుంది. ఆ పొగ రోడ్డు దాటి అవతల పేట మీదకి పోతూ ఉంటుంది. దాన్ని ఎవరూ ఫోన్ తీసి పట్టుకోరు. పట్టుకున్నా పక్కన వేయడానికి అంకె ఉండదు.

పాలకొల్లు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల పేటల్లో విద్యార్థులతో కలిసి పనిచేసేవాళ్లం మేం. ఈ తేడా మాకు చాలాకాలంగా కనిపిస్తోంది. విద్యార్థులకు అవగాహన లేదు, పొద్దస్తమానం ఫోన్‌లోనే ఉంటారు అని తిట్టడం సులువు. కానీ మేం గమనించింది వేరు. గాలి గురించి వాళ్లకు తెలిసింది తక్కువేం కాదు. వాళ్లు పీల్చే గాలి గురించి చెప్పేవాళ్లే లేరు. ప్రభుత్వం కొలవని చోట మన అనుభవం వదంతి అవుతుంది. వదంతి అని ముద్ర పడ్డాక, చెప్పినవాడే నేరస్తుడవుతాడు. గాలి గురించి సోషల్ మీడియాలో జరిగేదంతా ఈ చట్రంలోనే జరుగుతోంది.

ఫోన్‌లో దొరికేది

విద్యార్థులకు గాలి కాలుష్యం మూడు దారుల్లో చేరుతోంది. మొదటిది రీల్స్, యూట్యూబ్. ఇక్కడ ఢిల్లీదే రాజ్యం. ఆ తర్వాత ముంబై, హైదరాబాద్. చివర్లో ఎయిర్ ప్యూరిఫయర్ ప్రకటన. ఇంటికి నాలుగు కిటికీలు, వాటికి అద్దాలు ఉన్నవాళ్లకి పనికొచ్చే వస్తువది. రేకుల షెడ్డులో, తాటాకింట్లో దాన్ని పెట్టి ప్రయోజనం లేదు.

రెండోది వాట్సాప్. ఇక్కడ గాలి కాలుష్యం అంటే చిట్కాలు. బెల్లం తింటే ఊపిరితిత్తులు శుభ్రపడతాయి, ఫలానా కషాయం తాగితే పొగ విరుగుతుంది అని ఫార్వర్డులు. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్ల కన్నా సన్నని ధూళి. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుంది. అది ఊపిరితిత్తుల లోపలి పొరలు దాటి రక్తంలో కలుస్తుంది. దాన్ని బెల్లం కడగలేదు. ముఖానికి కట్టుకునే చున్నీ, తువ్వాలు కూడా దాన్ని ఆపలేవు. ముఖానికి సరిగ్గా బిగుసుకునే ఎన్95 మాస్కు మాత్రం చాలావరకు ఆపుతుంది. ఈ నాలుగు ముక్కలు చెప్పే మెసేజీ తెలుగులో అరుదుగా వస్తుంది. బెల్లం మెసేజీ మాత్రం పండగ శుభాకాంక్షల్లా ప్రతి ఏడాదీ వస్తుంది.

మూడోది గ్రూప్స్, సచివాలయం పరీక్షలకి చదివేవాళ్ల టెలిగ్రామ్ చానళ్లు. ఇక్కడ సమాచారం చాలావరకు సరైనదే. వాయు నాణ్యత సూచీ లెక్కలోకి వచ్చే కాలుష్యకాలు ఎన్ని? ఎనిమిది. సూచీలో తరగతులు ఎన్ని? ఆరు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైంది ఎప్పుడు? 2019 జనవరి 10. మా విద్యార్థులు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మీ ఊరు ఆ కార్యక్రమంలో ఉందా అని అడిగితే మాత్రం ఆగిపోతారు. ఆ ప్రశ్న ఏ బిట్ బ్యాంకులోనూ ఉండదు కాబట్టి.

ఈ మూడు దారులూ అందరికీ సమానంగా తెరిచి లేవన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన మహిళలు దాదాపు ఐదుగురిలో ఒకరే. మగవాళ్లలో సుమారు సగం మంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. కానీ కట్టెల పొయ్యి దగ్గర రోజుకు రెండు పూటలా పొగ పీల్చే తల్లి చేతిలోకి ఇవాళ్టికీ గాలి గురించి ఏ రీల్ రాదు. వంటింటి పొగ గాలి కాలుష్యం కిందకు వస్తుందని ఆమెకు చెప్పినవాళ్లూ లేరు. ‘స్టేట్ ఆఫ్ గ్లోబల్ ఎయిర్’ 2024 నివేదిక ప్రకారం 2021లో గాలి కాలుష్యం కారణంగా ప్రపంచంలో 81 లక్షల మంది చనిపోతే, మన దేశంలో చనిపోయినవారు 21 లక్షలు. ఆ లెక్కలో పొయ్యి పొగ కూడా ఉంది.

లెక్కలో లేని ఊరు

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి సమీర్ అనే యాప్ ఉంది. దేశంలో ఎక్కడెక్కడ గాలిని కొలిచే యంత్రాలు ఉన్నాయో అక్కడి అంకె అందులో కనిపిస్తుంది. రాజమహేంద్రవరం కనిపిస్తుంది. పాలకొల్లు కోసం వెతికితే దొరకదు. రాజమహేంద్రవరం మనకి గీత గీసినట్టు కొలిచినా యాభై కిలోమీటర్లు. అక్కడి గాలి అంకెతో మన పేట గాలి చెప్పలేం.

అయితే కొన్ని ప్రైవేటు యాప్‌లలో పాలకొల్లు పేరు కొడితే అంకె వస్తుంది. విద్యార్థులు ఎక్కువగా చూసేది దీన్నే. స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టేదీ దీన్నే. ఒక సంగతి తెలుసుకోవాలి. యంత్రం లేని ఊరికి యాప్ చూపే అంకె కొలత కాదు, అంచనా. ఉపగ్రహ చిత్రాలు, వాతావరణ లెక్కలు కలిపి పెద్ద చదరంలో వేసిన సగటు. జిల్లా మొత్తం మీద పొగ ఎంతుందో కొంత చెప్పగలదు. రైస్ మిల్లు పక్క వీధిలో రాలే ఊక బూడిద సంగతి దానికి తెలియదు.

యంత్రం ఉన్నచోట కూడా సూచీకి కొన్ని పరిమితులున్నాయి. అది ఇరవై నాలుగు గంటల సగటు మీద నడుస్తుంది. సాయంత్రం రెండు గంటలు చెత్త తగలబెడితే ఆ రెండు గంటలూ పేట ఉక్కిరిబిక్కిరి అవుతుంది. సగటులో ఆ పొగ కరిగిపోతుంది. సూచీలో అమ్మోనియా ఉంది. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. రొయ్యల చెరువుల అడుగు బురద, మురుగ్గుంటలు, శుద్ధి కర్మాగారాల వ్యర్థాల తొట్లు మన డెల్టా ముక్కుకి తెచ్చే కంపులో దానిదే పెద్ద వాటా. అంటే యాప్‌లో పచ్చరంగు చూపిస్తున్నప్పుడు కూడా అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేని పరిస్థితి ఉండొచ్చు.

ఇక జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం సంగతి. మొదట 102 నగరాలతో మొదలై తర్వాత 130 దాకా పెరిగింది. మన రాష్ట్రం నుంచి విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, అనంతపురం, చిత్తూరు, ఏలూరు, కడప, ఒంగోలు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం, విజయనగరం, మొత్తం 13 ఉన్నాయి. ప్రమాణాలను వరసగా దాటిన నగరాలే ఈ జాబితాలోకి వచ్చాయి. దాటాయని తెలియాలంటే ముందు కొలిచి ఉండాలి. కొలవని ఊరు ఎప్పటికీ ప్రమాణం దాటదు, జాబితాలోకి రాదు, దానికి నిధులూ రావు. పాలకొల్లు లాంటి చిన్న పట్టణాలు, వాటి చుట్టూ ఉన్న పల్లెలు, ఆ పల్లెల చివర ఉన్న పేటలు ఇలా లెక్క బయటే ఉండిపోతున్నాయి.

పైగా ఆ ప్రమాణమే మెతకగా ఉంది. పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చని మన దేశం అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5 మాత్రమే.

పొగ ఎటు పోతుంది

గాలికి కులం లేదని అంటుంటారు. గాలికి లేకపోవచ్చు. పొగ పుట్టే చోటుని ఎంచుకునేవాళ్లకి ఉంది. మన పల్లెల్లో మాలపల్లె, మాదిగపల్లె ఊరికి ఎటువైపు ఉన్నాయో చూడండి. ఊరి మురుగు ఎటు పారుతుందో, కళేబరాలు ఎటు ఈడ్చేవారో, శ్మశానం ఎటు ఉందో అటే. కొత్తగా వచ్చినవి కూడా ఆ పాత దారే పట్టాయి. చెత్త కుప్ప, ఇటుక ఆవం, కోళ్ల ఫారం, రొయ్యల వ్యర్థాలు పారబోసే గుంట, వీటికి స్థలం వెతికేటప్పుడు అందరి చూపూ ముందు పేట వైపే వెళుతుంది. అక్కడ భూమి చవక. అడ్డుచెప్పే గొంతు కూడా చవకేనని వాళ్ల నమ్మకం.

జయజిత్ చక్రవర్తి, ప్రత్యూష బసు 2021లో ప్రచురించిన అధ్యయనం దేశంలోని జిల్లాలన్నిటినీ పరిశీలించి, షెడ్యూల్డ్ కులాల జనాభా వాటా ఎక్కువున్న జిల్లాల్లో పీఎం 2.5 కూడా ఎక్కువగా ఉందని చూపించింది. అది జిల్లా స్థాయి లెక్క. ఒకే ఊళ్లో పెద్ద వీధికీ పేటకీ మధ్య తేడా ఎంతో ఆ లెక్కలో కనిపించదు. మన విద్యార్థులు పూరించాల్సిన ఖాళీ అదే.

పని సంగతి కూడా చూడాలి. చెత్త కుప్ప మీద పనిచేసే పారిశుధ్య కార్మికులు ఎవరు? మిల్లులో ఊక ఎత్తేది, ఆవం దగ్గర ఇటుక మోసేది, కొబ్బరి డొక్కల పీచు దుమ్ములో నిలబడేది ఎవరు? పగలంతా పనిలో పీల్చి, రాత్రి ఇంట్లోనూ అదే పీల్చేవాళ్లకి కాలుష్యం రెండింతలు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఈ పాత మోసాన్ని కొంత గుర్తించింది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, గాయపరచాలని, అవమానించాలని, చీకాకు పెట్టాలని దళితుల నివాసాల పరిసరాల్లో మలం, వ్యర్థాలు, కళేబరాలు పారబోయడం నేరం. సెక్షన్ 3(1)(సి) అదే చెబుతుంది. వాళ్లు వాడుకునే నీటిని పాడుచేయడం కూడా నేరమే. ఆ నీటి వెనక మన చరిత్ర ఉంది. 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీటిని పాడుచేస్తుంటే ఒక దళిత మహిళ అడ్డుకుంది. మర్నాడు, జులై 17న, పేట మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. అంతకు ముందు 1927లో మహద్‌లో అంబేద్కర్ నడిపించింది కూడా నీటి పోరాటమే. నీటికి చట్టంలో మాట దొరికింది. పేట మీదకి రోజూ తోలే పొగకి ఆ చట్టంలో ఇంకా విడిగా మాట లేదు. పారబోసిన చెత్త నేరమే. అదే చెత్తకి నిప్పు పెట్టి పొగ తోలితే అది ‘స్థానిక సమస్య’ అయిపోతోంది.

వాసనకి సాక్ష్యం విలువ లేదు

కొలత లేనిచోట మనకున్న యంత్రం ముక్కే. ముక్కు చెప్పిన మాట విననందుకు గోదావరి జిల్లాలు ఎంత మూల్యం చెల్లించాయో చూద్దాం.

మన పక్కనే గోదావరి దాటితే నగరం గ్రామం. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని గ్రామస్తులు అన్నారు. 2017 మార్చి 30న మొగల్తూరు మండలంలో ఒక రొయ్యల శుద్ధి కర్మాగారంలో తొట్టి దగ్గర పనికి దిగిన ఐదుగురు కార్మికులు విషవాయువు పీల్చి చనిపోయారు. భీమవరం పక్కన తుందుర్రులో మెగా ఆక్వా ఫుడ్ పార్కు వద్దని జనం అడ్డుపడితే 2016లో 144వ సెక్షన్ పెట్టారు, కేసులు పెట్టారు. నీళ్లూ గాలీ పాడైపోతాయని వాళ్లు అన్నందుకు అది.

ఏలూరు సంగతి ఇంకా పాఠం. 2020 డిసెంబరు మొదటి వారంలో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోవడం మొదలైంది. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అప్పుడు మా ఫోన్లన్నీ ఏలూరు మెసేజీలతో నిండిపోయాయి. గాలిలో ఏదో కలిసిందని కొందరు, దోమల మందు పొగ అని కొందరు, బ్లీచింగ్ ఎక్కువైందని కొందరు, మాస్కు పెట్టుకుంటే చాలని కొందరు. తర్వాత ఎయిమ్స్ నిపుణులు రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. పురుగుమందుల అవశేషాల మాటా వచ్చింది. సమాచారం రాని ఆ రోజుల్లో వదంతులు పుట్టించింది జనం మూర్ఖత్వం కాదు. పిల్లాడు కళ్లముందు పడిపోతే తల్లి ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది. నీళ్ల లెక్క, గాలి లెక్క రోజూ జనం ముందు పెట్టే పద్ధతి ఉండి ఉంటే ఆ వెతుకులాట అలా సాగేది కాదు.

లెక్క జనం చేతికి వస్తే ఏం జరుగుతుందో చైనా చూపించింది. బీజింగ్‌లోని అమెరికా రాయబార కార్యాలయం 2008లో తన ఆవరణలో యంత్రం పెట్టి గంట గంటకీ పీఎం 2.5 అంకెని ట్విట్టర్‌లో పెట్టింది. ప్రభుత్వం చెప్పే లెక్కకీ దానికీ తేడా చూసి జనం నిలదీశారు. 2012లో చైనా తన ప్రమాణాల్లో పీఎం 2.5 చేర్చింది. 2013 నుంచి పదుల నగరాల అంకెలు బయటపెట్టింది. మన హైదరాబాద్ కాన్సులేట్‌లో కూడా అలాంటి యంత్రం ఉండేది. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఆ అంకెలు ప్రపంచమంతటా పంచడం ఆపేసింది. వేరేవాళ్లు దయతో చూపించే లెక్క ఎప్పుడైనా ఆగిపోతుంది. లెక్క అడిగే హక్కు మనదిగా ఉండాలి.

పోస్టు పెడితే ఏమవుతుంది

విద్యార్థులు ఎందుకు పోస్టు పెట్టరు? భయం వల్ల. ఆ భయం ఊహించుకున్నది కాదు.

2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకై పన్నెండు మంది చనిపోయారు. రోడ్డు మీద పడిపోయిన మనుషుల వీడియోలు ఆ తెల్లవారుజామున ఫోన్లలో తిరగడం వల్లే ఆ ఘోరం దేశానికి వెంటనే తెలిసింది. అదే నెలలో, ఆ ఘటన మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టినందుకు గుంటూరుకి చెందిన 66 ఏళ్ల మహిళ మీద సీఐడీ కేసు పెట్టింది. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అయినా పోలీసులకి వేరే సెక్షన్లు దొరుకుతూనే ఉన్నాయి. పాత శిక్షాస్మృతిలోని 153ఏ, 505 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 196, 353 అయ్యాయి.

2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు చేసిన పోరాటం మరో వైపు చూపిస్తుంది. రోహిత్ వేముల చదివిన క్యాంపస్ అది. మార్చి 30న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగితే విద్యార్థులు రాత్రింబవళ్లు వీడియోలు తీసి దేశానికి చూపించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతని ఆపేసింది. అంత బలం ఉంది విద్యార్థి చేతిలోని ఫోన్‌కి. అయితే ఆ రోజుల్లోనే కృత్రిమ మేధతో చేసిన జింకల, నెమళ్ల బొమ్మలు కూడా తిరిగాయి. ప్రభుత్వం వాటిని పట్టుకుంది. ఆ బొమ్మలు పంచుకున్నవారికి నోటీసులు, కేసులు వచ్చాయి. చర్చంతా అడవి మీద నుంచి నకిలీ బొమ్మల మీదకి మళ్లింది. నిజం మన వైపు ఉన్నప్పుడు అబద్ధం చేర్చుకోవడం శత్రువుకి ఆయుధం ఇవ్వడమే.

ఇవి పెద్ద భయాలు. మా పేటల్లో ఇంకో భయం ఉంది. అది ఏ వార్తలోనూ రాదు. గడ్డి తగలబెడుతున్న చేను ఎవరిదో అందరికీ తెలుసు. ఆ చేలోకే అమ్మ కూలికి వెళుతుంది. ఆ ఆసామి కొడుకు క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఉంటాడు. వీడియో పెట్టిన గంటకి నాన్నకి ఫోన్ వస్తుంది, ఏరా, మీవాడు పెద్దవాడయ్యాడంటగా అని. 2017లో మన పక్కనే గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం అడిగినందుకు దళితులకి పనులు ఆపేసి వెలివేశారు. విగ్రహానికే అంత జరిగిన చోట పొగ వీడియో పెట్టడం చిన్న విషయం కాదు. సోషల్ మీడియాలో అందరూ సమానమే అని చెప్పేవాళ్లు ఈ క్లాస్ గ్రూపుని ఒకసారి చూడాలి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. గడ్డి తగలబెట్టే ప్రతివాడూ ఆసామి కాదు. కౌలు రైతుల్లో మనవాళ్లూ ఉన్నారు. సార్వా కోసిన చేలో దాళ్వా నాటడానికి మధ్య వ్యవధి తక్కువ. గడ్డి కట్టలు కట్టే యంత్రం అద్దె కౌలు రైతు మీద పడుతుంది. వాడి మీద జరిమానా వేయించే పోస్టు మనం పెట్టకూడదు. భోగి మంటలో టైర్లు వేసేదీ, చెత్త బండి రాక వీధి చివర చెత్త తగలబెట్టేదీ మన పేటల్లోనూ ఉంది. మనం అడగాల్సింది గడ్డి తీసే ఏర్పాటు, చెత్త ఎత్తే బండి, పొయ్యి బదులు నిండే సిలిండరు. శిక్ష అడగాల్సింది మిల్లునీ, కర్మాగారాన్నీ, చెత్త కుప్పకి నిప్పు పెట్టించే యంత్రాంగాన్నీ.

రీల్ నుంచి రికార్డుకి

ఏం చేయవచ్చు? విద్యార్థి ఫోన్‌ని చూసే వస్తువుగా కాక రాసుకునే వస్తువుగా మార్చాలన్నది మా ప్రతిపాదన.

మొదట పొగ డైరీ. పొగ, కంపు, మసి ఏది వచ్చినా తేదీ, సమయం, చోటు, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఎంతసేపు ఉంది, ఇంట్లో ఎవరికి ఏమైంది, ఈ ఆరు సంగతులు. ఫొటో తీస్తే అసలు ఫైలు దాచుకోవాలి. వాట్సాప్‌లో పంపితే తీసిన సమయం, చోటు వివరాలు పోతాయి. ఎవరు చేశారో తెలియనప్పుడు పేరు రాయకూడదు. చూసింది రాయాలి, ఊహించింది రాయకూడదు. పిల్లల, రోగుల ముఖాలు చూపించకూడదు. ఒక్కరి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద పెట్టాలి. అమ్మ కూలి పోకుండా ఉండాలంటే పదిమంది కలిసి నిలబడటం తప్ప దారి లేదు.

దీనికి సమయం ఎక్కడిది అంటారా? మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకి 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. చాలాచోట్ల అది పాత రిపోర్టుల కాపీతో ముగిసిపోతోంది. ఆ గంటల్ని పేటలో పొగ డైరీకి వాడితే అధ్యాపకుడి సంతకంతో, కాలేజీ ముద్రతో అది పత్రం అవుతుంది. పత్రాన్ని వదంతి అనడం అంత సులువు కాదు.

రెండోది సమాచార హక్కు చట్టం. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పయ్ రోజుల్లో జవాబివ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ఆయాసం, దగ్గుతో వచ్చినవారి నెలవారీ సంఖ్య అడగవచ్చు. కాలుష్య నియంత్రణ మండలిని ఫలానా మిల్లుకి 1981 వాయు చట్టం కింద అనుమతి ఉందా, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, పొగగొట్టం దగ్గర ఎంత వచ్చింది అని అడగవచ్చు. మునిసిపాలిటీని చెత్త తగలబెట్టినందుకు ఎవరికైనా జరిమానా వేశారా అని అడగవచ్చు. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, భారీ ఎత్తున అయితే 25,000 రూపాయలు వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. ఈ జవాబులు వచ్చాక పోస్టు పెడితే దానికి వెన్నెముక ఉంటుంది.

మూడోది సొంత కొలత. ధూళిని కొలిచే చిన్న సెన్సార్లు ఇప్పుడు కొన్ని వేల రూపాయల్లో దొరుకుతున్నాయి. వాటి అంకె ప్రభుత్వ యంత్రంతో సమానం కాదు. చట్టంలో దానికి ఆ హోదా లేదు. కానీ ఊళ్లో ఒకటి, పేటలో ఒకటి పెట్టి నెలరోజులు పక్కపక్కన చూస్తే తేడా ఉందో లేదో తెలుస్తుంది. మన దగ్గర పెద్ద యంత్రం పెట్టాల్సిందేనని అడగడానికి అది చాలు.

ఇక డిమాండ్లు. పాలకొల్లు, నరసాపురం, భీమవరం పట్టణాల్లో గాలిని నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టాలి. వాటిలో కనీసం ఒకటి దళిత నివాసాల పక్కన ఉండాలి, కలెక్టరేటు మేడ మీద మాత్రమే కాదు. ఆక్వా ప్రాంతాల్లో అమ్మోనియాతో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా కొలవాలి. ఆ అంకెలు తెలుగులో, అందరికీ అర్థమయ్యే మాటల్లో రోజూ ఫోన్‌కి రావాలి. ‘మన మిత్ర’ పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లో అందిస్తున్నామని 2025 జనవరి నుంచి ప్రభుత్వమే చెబుతోంది. ధ్రువపత్రం వచ్చే ఫోన్‌కి గాలి లెక్క రావడం కష్టమేమీ కాదు. పేటల పక్క చెత్త కుప్పల్ని ఎత్తేయాలి. కాలుష్యం గురించి సదుద్దేశంతో రాసినవారి మీద కేసులు పెట్టకూడదు.

కాలుష్యం లేని గాలి, నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే, సుభాష్ కుమార్ కేసులో, చెప్పింది. ముప్పయ్ ఏళ్లు దాటింది. ఆ హక్కు ఢిల్లీకి రోజూ ఒక అంకెగానైనా అందుతోంది. మా పేటలకి అంకె కూడా అందలేదు.

ఈ ఏడాది కోతలకి మా విద్యార్థులు ఢిల్లీ రీల్స్ చూడొద్దని మేం అనడం లేదు. ఢిల్లీలో రోడ్డు ఊడ్చే కార్మికుడూ మనవాడే, వాడి ఊపిరీ మనదే. అది చూశాక ఒకసారి బస్సు కిటికీలోంచి బయటకి కూడా చూడమంటున్నాం. చూసింది తేదీతో సహా రాసిపెట్టమంటున్నాం.